పాత బండికి కొత్త సైలెన్సర్: స్టెయిన్‌లెస్ స్టీలు కొనేముందు చూసుకోవలసినవి

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటల కార్యక్రమానికీ భోజనాలకీ మధ్య సైలెన్సర్ గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. నేను సికింద్రాబాద్ తిరుమలగిరిలో పని నేర్చుకుని, ఈ.ఎం.ఇ.లో 24 ఏళ్ళు వెహికల్ మెకానిక్‌గా చేసి వచ్చినవాణ్ణి. నాకు తెలిసింది బండి కింద పడుకుని పైకి చూడటమే. కాబట్టి అక్కణ్ణుంచి కనిపించేదే చెప్తాను.

మనవాళ్ళకి పాత బండి అంటే మమకారం. వేలంలో కొన్న జోంగా కొందరికి, మహీంద్రా జీపు కొందరికి. ఎక్కువమందికి మాత్రం జిప్సీ. 1985 చివర మార్కెట్లోకి వచ్చి, మామూలు కొనుగోలుదారులకు 2019లో ఆగిపోయిన బండి అది. ఇంజను బాగుంటుంది, ఛాసిస్ బాగుంటుంది, కింద సైలెన్సర్ మాత్రం చిల్లులు పడుతుంది. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఈసారి స్టెయిన్‌లెస్ వేయించేస్తే పీడా పోతుంది కదా?" పోతుంది. కానీ ఏ స్టెయిన్‌లెస్? ఎవరు అతికారు? నా ప్రసంగమంతా ఈ రెండు ప్రశ్నలే.

ముందు గొట్టం ఎందుకు చస్తుందో చూద్దాం. వానవల్ల, బురదవల్ల అనుకుంటాం. అదీ నిజమే, కానీ అసలు శత్రువు లోపలే ఉంటాడు. 1 లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు 1 లీటరు నీరు పుడుతుంది. గొట్టం బాగా వేడెక్కితే అది ఆవిరిగా బయటికి పోతుంది. రోజూ క్యాంటీన్‌కి రెండు కిలోమీటర్లు, పిల్లల స్కూలుకి మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేస్తే గొట్టం పూర్తిగా వేడెక్కదు. ఆ నీరు సైలెన్సర్ డబ్బాలో నిలిచి, పొగలోని ఆమ్లాలతో కలిసి లోపలినుంచి తినేస్తుంది. పైకి రంగు బాగానే ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోతుంది. అందుకే తక్కువ తిరిగిన బండి సైలెన్సరే ముందు పోవడం కద్దు. విశాఖపట్నం, కొచ్చి, శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్‌బ్లెయిర్) లాంటి చోట్ల బయటినుంచి ఉప్పు గాలి కూడా తోడవుతుంది.

చిల్లు పడితే ఏమవుతుంది, కాస్త చప్పుడేగా అనుకోవద్దు. బుఖారీ పెట్టుకుని, బంకరు తలుపు బిగించుకుని పడుకోవద్దని మనకి ఎన్నిసార్లు చెప్పారో గుర్తుందా? ద్రాస్, సియాచిన్ వైపు పనిచేసిన వాళ్ళకి వివరించనక్కరలేదు. అదే కార్బన్ మోనాక్సైడ్ మన బండి గొట్టంలోనూ ఉంది. దానికి రంగులేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. జిప్సీ, జీపుల్లో వెనక సీటు కిందుగానే గొట్టం పోతుంది. ఫ్లోరులో తుప్పు రంధ్రాలుంటాయి, టాపు వెనక పల్లె తలుపు దగ్గర సందులుంటాయి. ప్రయాణంలో వెనక కూర్చున్న పిల్లలు "తలనొప్పిగా ఉంది, వాంతి వచ్చేలా ఉంది, నిద్రొస్తోంది" అంటే ఘాటు రోడ్డు మీదికి నెట్టేయకండి. బండి ఆపి అందర్నీ గాలిలోకి దింపండి, తర్వాత గొట్టం చూడండి. సైలెన్సర్ మార్చడం ముఖ్యంగా ఇందుకోసం. అందం, చప్పుడు తర్వాతి మాట.

ఇక ఉక్కు సంగతి. బజారులో "ఎస్.ఎస్." అనే ఒక్క మాట కింద నాలుగు రకాలు అమ్ముతారు.

మొదటిది 409. క్రోమియం సుమారు 11 శాతం, నికెల్ దాదాపు లేదు. చాలా కంపెనీలు సైలెన్సర్లకి వాడేది ఇలాంటిదే. పైన గోధుమరంగు తుప్పు పొర కనిపిస్తుంది కానీ త్వరగా చిల్లు పడదు. రెండోది 304. క్రోమియం 18, నికెల్ 8 శాతం ప్రాంతం. మెరుపు నిలుస్తుంది, తుప్పుకి బాగా ఆగుతుంది, ధర ఎక్కువ. మూడోది 202. మెట్ల రెయిలింగులకి, గేట్లకి వాడేది. నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. కొత్తలో 304 లాగే మెరుస్తుంది కానీ తుప్పుకి అంతగా ఆగదు. నాలుగోది 316. ఇందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, సముద్రపు ఉప్పుకి మేలు. సముద్రం ఒడ్డునే ఉండి, బండిని ఇంకో పదిహేనేళ్ళు ఉంచుకునేవారు తప్ప మిగతావాళ్ళు దీనికి ఖర్చు పెట్టనక్కరలేదు.

ఇక్కడే మన జేబులోని అయస్కాంతం మోసం చేస్తుంది. "అయస్కాంతం అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలు" అని ఒక మాట వాడుకలో ఉంది. 409కి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది, అయినా అది అసలైన స్టెయిన్‌లెస్సే. 202కి అంటుకోదు, అయినా అది మనం డబ్బిచ్చిన 304 కాదు. ఉక్కు వ్యాపారుల దగ్గర చిన్న సీసాలో పరీక్ష ద్రావకం, ఒక బ్యాటరీ ఉంటాయి. చుక్క వేసి బ్యాటరీ తగిలిస్తే మాంగనీసు ఎక్కువున్న 202 ఎర్రగా మారుతుంది. ఆ పరీక్ష మన ఎదుట చేయమని అడగాలి. బిల్లు మీద "స్టీలు పైపు" అని కాదు, "304" అని అంకె వేయించుకోవాలి. అంకె వేయడానికి నీళ్ళు నమిలే షాపు నుంచి నమస్కారం పెట్టి బయటికి రావాలి.

తర్వాత మందం. 1.2 మి.మీ. రేకు తేలిక, చవక. జీపు, జిప్సీలాంటి రాళ్ళబాట బండ్లకి 1.5 మి.మీ. మేలు. గొట్టం వ్యాసం మాత్రం కంపెనీ ఇచ్చినంతే ఉంచండి. "లావు పైపు వేస్తే పికప్ పెరుగుతుంది" అన్న మాట ఇంజనులో ఏ మార్పూ చేయని మన బండ్లకి వర్తించదు. చప్పుడు మాత్రం పెరుగుతుంది. వంపుల దగ్గర పైపు నొక్కుకుపోకుండా గుండ్రంగానే ఉందా అన్నది చేత్తో తడిమి చూసుకోండి.

డబ్బా లోపల ఏముందో కూడా అడగాలి. చిల్లుల గొట్టం చుట్టూ గాజు ఉన్ని కూరినవి కొన్ని. కొత్తలో మెత్తగా పలుకుతాయి, కాలక్రమంలో ఉన్ని కొట్టుకుపోయి డప్పు వాయిస్తాయి. లోపల గదులు కట్టి రేకులు పెట్టినవి కొన్ని. మనలాంటి వాళ్ళకి ఇవే నయం, కానీ లోపలి రేకులు కూడా స్టెయిన్‌లెస్సేనా అని అడగండి. బయట 304, లోపల మామూలు ఇనుము పెడితే, కొన్నాళ్ళకి లోపల గలగలలు మొదలవుతాయి. డబ్బా అడుగున నీరు కారే చిన్న చిల్లు ఉంటే అది లోపం కాదు, కావాలని పెట్టింది. పాపం చాలామంది దాన్ని వెల్డింగ్ పెట్టించి మూయిస్తారు.

ఇక అతుకు. మంచి ఉక్కుని పాడుచేసేది చెడ్డ వెల్డింగే. మామూలు రాడ్డుతో అతికితే ఏడాదిలో అతుకు పక్కన తుప్పు గీత కనిపిస్తుంది. ఆర్గాన్ వెల్డింగ్ చేయించాలి. 304కి 304 అతకడానికి 308ఎల్ తీగ, 304ని మామూలు ఇనుప ఫ్లాంజికి అతకడానికి 309ఎల్ తీగ వాడాలి. గొట్టం లోపల కూడా ఆర్గాన్ నింపి అతికితే లోపలివైపు నల్లగా, చక్కెర పాకం గడ్డకట్టినట్టు కాకుండా ఉంటుంది. ఇనుము రుద్దిన బ్రష్షుతోనే స్టెయిన్‌లెస్‌ని రుద్దితే ఆ ఇనుప రజను అంటుకుని, అక్కడ తుప్పు మచ్చలు లేస్తాయి. వెల్డరు దగ్గర వేరే బ్రష్షు ఉందా లేదా చూడండి. ఆ ఒక్క బ్రష్షుతోనే అతని పనితనం తెలిసిపోతుంది.

బిగింపులో ఒక లెక్క. 2 మీటర్ల గొట్టం 400 డిగ్రీలు వేడెక్కితే మామూలు ఉక్కు సుమారు 10 మి.మీ. సాగుతుంది, 304 సుమారు 14 మి.మీ. సాగుతుంది. ఆ సాగుడుకి చోటివ్వాలి. పాత గట్టిపడిన రబ్బరు హ్యాంగర్లు పారేసి కొత్తవి వేయండి. గొట్టాన్ని నేరుగా ఛాసిస్‌కి వెల్డు చేయనివ్వకండి, మ్యానిఫోల్డ్ దగ్గర పగులుతుంది. బ్రేకు పైపుకీ, పెట్రోలు పైపుకీ ఎడం చూసుకోండి. గ్యాస్కెట్లు కొత్తవే వేయాలి. ఎం.పి.ఎఫ్.ఐ. బండ్లలో ఆక్సిజన్ సెన్సార్ ముందు చిన్న లీకున్నా కంప్యూటర్ పొరబడి పెట్రోలు ఎక్కువ పోస్తుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండికి దాన్ని పీకేసి ఖాళీ గొట్టం పెట్టమనే సలహా ఎవరిచ్చినా వినకండి. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర, 15 ఏళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగింపు దగ్గర చిక్కు వస్తుంది.

చప్పుడు గురించి కుర్రవాళ్ళకి ఒక్క మాట. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం ప్రకారం బండికి సైలెన్సర్ తప్పనిసరి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటి తప్పుకే 3 నెలల వరకు జైలు గానీ, 10 వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ, పైగా 3 నెలలు లైసెన్సు అనర్హత అని 2019 సవరణలో పెట్టారు. మన కాలనీల్లో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ళుంటారు, చట్టం కంటే ముందు వాళ్ళని తలుచుకోండి.

అందరికీ స్టెయిన్‌లెస్ అక్కరలేదని కూడా చెప్పాలి. రెండేళ్ళలో అమ్మేసే బండికి, జోధ్‌పూర్ లాంటి పొడి ఊళ్ళో రోజూ దూరాలు తిరిగే బండికి కంపెనీ రకం మామూలు సైలెన్సరే చాలు. పెన్షన్ డబ్బు మెరుపు మీద పోయకూడదు. సముద్రపు ఊళ్ళో ఉండేవారు, తక్కువ తిరిగేవారు, మనవడికి ఇచ్చేదాకా బండి ఉంచుకోవాలనుకునేవారు 304 వేయించుకోండి, 409 దొరికితే అదీ మంచిదే.

చివరగా ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, బండి స్టార్టు చేయించి, మందపాటి తడిగుడ్డతో వెనక గొట్టం మూతిని కొన్ని సెకన్లు అదిమి పట్టండి. కింద ఎక్కడైనా బుస్సుమని వినిపిస్తే అక్కడ లీకుంది. సబ్బునీళ్ళు చల్లితే బుడగలు చోటు చూపిస్తాయి. షెడ్డు తలుపు మూసి మాత్రం ఈ పని చేయకండి. కొత్త సైలెన్సర్ బిగించిన రోజున కూడా డబ్బు ఇచ్చేముందు ఇదే పరీక్ష మెకానిక్ ఎదుట చేయండి. బుస్ లేకపోతే జేబులోంచి డబ్బు తీయండి.

భోజనాలు చల్లారిపోతున్నాయని వెనకనుంచి సైగ వస్తోంది. ఎవరి బండి అయినా కింద పడుకుని చూడమంటే పిలవండి, వస్తాను.

జై హింద్.