మోటరు చప్పుడు చేస్తే ముందు గాలిని వెదకండి

(బోయినపల్లి రైతుల సమావేశంలో వ్యవసాయ కళాశాల సస్యశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠము)



సస్యశాస్త్రం బోధించేవాడు విత్తనాలు, ఎరువులు వదలిపెట్టి మోటరు చప్పుడును గురించి మాట్లాడటానికి వచ్చాడేమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. కారణం ఉన్నది. రెండేళ్ళ కిందట యాసంగిలో నేను చెప్పిన తప్పు మాట వలన ఒక రైతు మక్క చేనుకు నాలుగు రోజులు నీరు అందలేదు. ఆ సంగతికి ముందు మా ఇంటి చేపల తొట్టి సంగతి చెప్పవలసి ఉన్నది. ఎందుకనగా, నేర్చుకొనవలసిన పాఠం ఆ తొట్టి దగ్గరనే నేర్చుకొని, తీరా బావి దగ్గర మరచిపోయినాను.

మా పిల్లల ముచ్చట కొరకు ఇంట్లో అద్దాల తొట్టి పెట్టి రంగు చేపలు పెంచుతున్నాము. తొట్టి బల్ల కింద మూతగల బక్కెట్టు వంటి వడపోత డబ్బా ఒకటి ఉంటుంది. దానిని క్యానిస్టర్ ఫిల్టరు అంటారు. తొట్టి నీరు ఒక గొట్టం గుండా డబ్బాలోకి దిగుతుంది. స్పాంజి గుండా, పింగాణీ ముక్కల గుండా పోతుంది. మూతలో అమర్చిన చిన్న మోటరు నెట్టగా రెండవ గొట్టం గుండా తిరిగి తొట్టిలోకి ఎక్కుతుంది. సరిగా నడిచే ఫిల్టరు నడుస్తున్నదో లేదో చేయి పెట్టి చూస్తే గాని తెలియదు.

ఒక రాత్రి అది డబ్బాలో శనగలు పోసి ఊపినట్లు గలగలమనటం మొదలుపెట్టింది. మోటరు చెడిందనుకొని ఇంపెల్లరు, అనగా నీటిని నెట్టే రెక్కల చక్రం, కొత్తది తెచ్చి వేశాను. డబ్బు పోయినది గాని చప్పుడు పోలేదు. చేపలు అమ్మే కుర్రవాడు వచ్చి, మోటరు జోలికి పోకుండా, నడుస్తున్న డబ్బానే మెల్లగా అటు ఇటు వంచి ఊపినాడు. తొట్టిలోకి బుడబుడమని గాలి బుడగలు వచ్చినవి, చప్పుడు ఆగినది. మరునాడు మళ్ళీ మొదలైనది. అప్పుడు ఆ కుర్రవాడు కరెంటు తీసి గాలి వచ్చే దారి వెదకినాడు. మూత కింది రబ్బరు వలయం ఎండిపోయి సందు ఇచ్చింది. నీరు తీసుకునే జాలీకి నాచు పట్టింది. వేసవికి తొట్టిలో నీరు ఆవిరై తగ్గి, జాలీ దగ్గర సుడి తిరిగి గాలిని లోపలికి లాగుతున్నది. వలయానికి సిలికాన్ గ్రీజు పూసి, జాలీ కడిగి, తొట్టి నింపిన తరువాత మళ్ళీ చప్పుడు లేదు. నేను కొన్న ఇంపెల్లరు ఇప్పటికీ సొరుగులో ఉన్నది.

(మాటవరసకు ఒక సంగతి. ఆ స్పాంజిని కుళాయి కింద పెట్టి తోమరాదు. తొట్టిలో నుండి తీసిన నీళ్ళలోనే పిండవలెను. చేపల మలినం నుండి పుట్టే అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు ఆ స్పాంజిలోనూ పింగాణీ ముక్కలలోనూ కాపురముంటాయి. కుళాయి నీటిలోని క్లోరిను వాటిని చంపుతుంది. మీరు చేనులో చల్లిన యూరియా అమ్మోనియాగా మారిన తరువాత, నేలలో దానిని నైట్రేటుగా మార్చేవి కూడా ఇటువంటి జీవులే.)

ఇక బావి సంగతి. ఆ రైతు ఫోనులో "సారూ, మోటరు గురగుర అంటాంది, నీళ్ళు ఒకసారి వస్తన్నయి, ఒకసారి సన్నబడుతన్నయి" అన్నాడు. ఫోనును మోటరు దగ్గర పెట్టించి చప్పుడు విన్నాను. విని, బేరింగులు పోయినవని చెప్పినాను. పాపం, ఆయన నా మాట నమ్మి, నలుగురిని పిలిచి, బావి గద్దె మీది మోటరును మోకులతో పైకి తీయించి, పట్నం తీసుకొనిపోయి బేరింగులు మార్పించినాడు. నాలుగవ రోజున దింపి స్టార్టరు నొక్కితే మళ్ళీ అదే గురగుర. అప్పుడు ఊరి మెకానిక్కు ఒకాయన వచ్చి, బావి గట్టున ఉన్న బంకమన్ను తడిపి, నీరు గుంజే సక్షన్ పైపు అతుకు చుట్టూ మెత్తినాడు. చప్పుడు సగానికి సగం తగ్గినది. "గాలి గుంజుతాంది కాకా, బేరింగులది కాదు" అన్నాడట.

ఆ రైతు చెప్పిన మాటలలోనే జవాబు ఉన్నది. నీళ్ళు ఒకసారి వచ్చి ఒకసారి సన్నబడుతున్నవంటే పంపులో గాలి చేరుతున్నదని అర్థం. బేరింగులు అరిగితే చప్పుడు వస్తుంది గాని నీటి ధార అట్లా తెగి తెగి రాదు. నేను చప్పుడు విన్నాను గాని మనిషి మాట వినలేదు. ఆ నాలుగు రోజులలో మక్క జల్లు తీసి పీచు వేసే దశలో ఉన్నది. మక్కకు నీటి ఎద్దడి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఆ దశలోనే. పీచు ఆలస్యమై, పుప్పొడి అందక, కంకుల కొనలు గింజ పట్టవు. చెలక నేల కావటం వలన తేమ నిలువలేదు. ఆ యాసంగి ఆయన కంకులు వలిచి చూపించినప్పుడు నా దగ్గర జవాబు లేకపోయినది.

అసలు పంపు నీటిని ఎట్లా గుంజుతుందో కొంచెం తెలుసుకుంటే మిగతా సంగతులు మీకే తోస్తాయి. పంపు నీటిని తాడు కట్టి లాగినట్లు లాగదు. ఇంపెల్లరు తిరిగి తన కన్ను దగ్గర ఒత్తిడిని తగ్గిస్తుంది. బావి నీటి మీద ఉన్న గాలి బరువు నీటిని పైపులోకి నెడుతుంది. ఆ గాలి బరువు సముద్ర మట్టం దగ్గర సుమారు 10.3 మీటర్ల, అనగా 34 అడుగుల, నీటి కంబాన్ని మాత్రమే నిలుపగలదు. మన ప్రాంతపు ఎత్తున మరి కొంచెం తక్కువ. పైపు రాపిడి, వంపులు, ఫుట్‌వాల్వు తినే భాగం పోగా, ఆచరణలో నీటి మట్టం నుండి పంపు నడుమ వరకు 20 అడుగులకు మించి ఎత్తు ఉండకుండా చూచుకొనటం మంచిది. ఎన్ని అశ్వశక్తుల మోటరు బిగించినా ఈ లెక్క మారదు. పై ఎత్తుకు నెట్టటానికి పెద్ద మోటరు పనికి వస్తుంది గాని, కింది నుండి గుంజటానికి పనికి రాదు.

ఈ సంగతి మన మండలానికి ప్రత్యేకంగా ఎందుకు చెప్పుచున్నానంటే, మాన్వాడ దగ్గర మధ్య మానేరు జలాశయం నిండటం మొదలైన తరువాత చుట్టుపక్కల బావులలో నీరు పైకి వచ్చినదని మీరే చెప్పుచున్నారు. కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి వంటి ఊళ్ళవారు ఆ జలాశయానికి తమ ఇళ్ళను, బావులను ఇచ్చినవారు. ఆ మాట మరువరాదు. నీరు పైకి వచ్చిన చోట మోటరు మునుగుతుందని చాలామంది దానిని కింది గద్దె మీది నుండి పై గద్దెకో ఒడ్డుకో చేర్చినారు. వానాకాలంలో అది బాగానే నడుస్తుంది. మాఘం దాటి నీరు దిగినప్పుడు మోటరు ఉన్నచోటనే ఉంటుంది, నీరు మాత్రం 25 అడుగులకు పోతుంది. అప్పుడు పంపులో కంకర రాళ్ళు పోసి తిప్పినట్లు చప్పుడు వస్తుంది.

ఆ కంకర చప్పుడును తేలికగా తీసుకొనవద్దు. ఒత్తిడి మరీ తగ్గినచోట నీరు వేడి లేకుండానే మరిగి ఆవిరి బుడగలవుతుంది. ఆ బుడగలు ముందుకు పోయి ఒత్తిడి తగలగానే పగులుతాయి. ఒక్కొక్క బుడగ పగిలినప్పుడు సన్నని సుత్తితో కొట్టినట్లు లోహానికి దెబ్బ తగులుతుంది. నెలలు గడిచిన తరువాత ఇంపెల్లరు తీసి చూస్తే చెదలు తిన్న కర్రవలె గుంటలు పడి ఉంటుంది. దీనికి మందు గ్రీజు కాదు. మోటరును నీటికి దగ్గరగా దింపవలెను. లేదా ఫుట్‌వాల్వు జాలీకి పట్టిన నాచు, ఆకులు తీసివేయవలెను. లేదా ఇరుకైన సక్షన్ పైపు మార్చి డెలివరీ పైపు కంటే ఒక సైజు పెద్దది వేయవలెను. అంతవరకు డెలివరీ వాల్వును కొంచెం మూసి నడిపితే నీరు తగ్గినా చప్పుడు తగ్గుతుంది, పంపు బ్రతుకుతుంది.

గాలి చేరే చప్పుడు వేరు. అది గురగురమని వస్తూ పోతూ ఉంటుంది, డెలివరీ నీటిలో తెల్లని నురుగు కనబడుతుంది. సక్షన్ పైపు అతుకులు, ఫ్లాంజి కింది రబ్బరు, ఇరుసు దగ్గరి గ్లాండు, ఈ మూడు చోట్ల వెదకండి. నడుస్తున్నప్పుడు సక్షన్ అతుకు నుండి నీరు బయటకు కారదు, గాలి లోపలికి పోతుంది. కాబట్టి కంటికి ఏమీ కనబడదు. అందుకే ఆ మెకానిక్కు బంకమన్ను మెత్తినాడు. సబ్బు నురుగు పూసినా సరే, సందు ఉన్నచోట అది లోపలికి పీల్చుకొనిపోతుంది. సక్షన్ పైపు బావి నుండి పంపు వరకు ఎక్కుతూ రావలెను గాని, మధ్యలో గూనివలె లేచి మళ్ళీ దిగరాదు. ఆ గూనిలో గాలి నిలుస్తుంది. ఫుట్‌వాల్వు మీద కనీసం రెండు మూడు అడుగుల నీరు ఉండవలెను. లేకపోతే మా చేపల తొట్టిలో జరిగినట్లే సుడి తిరిగి గాలిని గుంజుతుంది.

గ్లాండు గురించి ఒక పొరపాటు తరచు చూస్తున్నాను. నీటి చుక్కలు పడుతున్నవని గ్లాండు నట్లను బిగించి బిగించి పూర్తిగా ఆపివేస్తారు. గ్లాండు తాడు ఉన్న పంపులో చుక్క చుక్కగా నీరు పడుతూనే ఉండవలెను. ఆ చుక్కలే ఇరుసును చల్లబరుస్తాయి. ఆపితే తాడు కాలి, ఇరుసు అరిగి, తరువాత ఎంత బిగించినా గాలి ఆగదు. మెకానికల్ సీలు ఉన్న పంపుకు ఈ మాట వర్తించదు, అది కారరాదు.

బేరింగుల చప్పుడా, కరెంటు చప్పుడా అని తెలుసుకొనటానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉన్నది. నడుస్తున్న మోటరును ఆపి, ఆగేవరకు చెవి పెట్టి వినండి. స్విచ్చి తీసిన క్షణంలోనే చప్పుడు మాయమైతే అది కరెంటుకు సంబంధించినది. చక్రం తిరుగుతున్నంతసేపు గరగర వినబడుతూ వేగంతో పాటు తగ్గితే అది బేరింగులది, లేదా ఇంపెల్లరు రాచుకొంటున్నది. పునాది బోల్టులు వదులైనా, పైపుల బరువంతా పంపు మీద వ్రేలాడినా దడదడ వస్తుంది. పైపుకు కింద ఊతం పెడితే పోతుంది.

మోటరు "ఊఁ" అని మూలుగుతూ తిరగకపోతే మూడు ఫేజులలో ఒకటి రావటం లేదని అనుమానించండి. వెంటనే ఆపవలెను. కొందరు చేతితో చక్రం తిప్పి నడిపించ చూస్తారు. అది వేళ్ళకూ ప్రమాదం, వైండింగుకూ ప్రమాదం. నిమిషాలలో వైండింగు కాలిపోతుంది. ఇది మెకానిక్కు పని కాదు. లైనుమన్‌కు కబురు చేయండి. సిరిసిల్ల ప్రాంతంలో 1970 నుండి సహకార విద్యుత్ సరఫరా సంఘం ఉన్నది గనుక ఎవరిని అడగవలెనో మీకు నేను చెప్పనక్కరలేదు. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటోమేటిక్ స్టార్టర్లు తీసివేయుమని అధికారులు కోరినారు. నీటి పొదుపు ఒక కారణం. నా దృష్టిలో మరొక కారణమూ ఉన్నది: మనిషి స్టార్టరు నొక్కితే నిమిషంపాటైనా అక్కడ నిలబడి వింటాడు, ఆటోమేటిక్ స్టార్టరుకు చెవులు లేవు.

డ్రిప్పు వేసినవారికి ఒక మాట. మీ ఇసుక ఫిల్టరు మా ఇంటి డబ్బాకు పెద్దన్న వంటిది. ముందు గేజికి, వెనుక గేజికి తేడా చదరపు సెంటీమీటరుకు అర కిలో దాటితే వెనుకకు నీరు పెట్టి కడగవలెను. ఫిల్టరు పూడుకొనిపోతే పంపు నీటిని పోనీయలేక లోపలనే చిలుకుతుంది, వేడెక్కుతుంది, అదురుతుంది. అటువంటప్పుడు మోటరును విప్పటం దండుగ.

ఏ పని చేసినా ముందు మెయిన్ తీసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకొనండి. తడి చేతులతో, ఒట్టి కాళ్ళతో స్టార్టరు పెట్టె ముట్టరాదు. చాలా రోజులు వాడని లోతు బావిలోకి ఒంటరిగా దిగరాదు. అందులో ఊపిరికి చాలినంత గాలి ఉండకపోవచ్చును. ఒక్క ఫుట్‌వాల్వు కొరకు ప్రాణం మీదికి తెచ్చుకొనవద్దు.

బోరు బావిలోని సబ్‌మెర్సిబుల్ మోటరుకు సక్షన్ పైపు లేదు గనుక పైన చెప్పిన గాలి లెక్క దానికి పట్టదు. దాని నుండి పాలవలె తెల్లని నీరు, మధ్య మధ్య గాలి తుపుక్కుమని వస్తే బోరులో నీరు మోటరు దగ్గరకు దిగినదని అర్థం. వాల్వు మూసి ధార తగ్గించండి, లేదా రెండు గంటలు ఆపి నడపండి.

మీ మోటరు చప్పుడు ఫోనులో పట్టుకొని తీసుకొనివస్తే తప్పక వింటాను. అయితే ఈసారి వినేముందు నీళ్ళు ఎట్లా పడుతున్నవో, బావిలో నీరు ఎన్ని అడుగుల లోతున ఉన్నదో అడుగుతాను. కొలిచి రండి.