జులూస్‌కు అనుమతి: మన హక్కు, మన పూచీ

(కాశిబుగ్గలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను చట్టం గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. నేను వకీలును కాను. వకీళ్ల దగ్గర గుమాస్తాగా ముప్పయి ఏళ్లకు పైగా కాయితాలు మోసినవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతాను. పొరపాటు ఉంటే పెద్దలు సరిదిద్దాలి.

ముందు ఒక సంగతి. మా వాడకట్టులో ఒక పిల్లవాడు ఉన్నాడు. ఐ.టి.ఐ. చదివాడు, గల్ఫ్‌లో పని దొరికింది. పాస్‌పోర్టు కోసం పోతే అతని మీద కేసు ఉందని తేలింది. ఏమిటా కేసు? అంతకు రెండేళ్ల కింద ఒక ర్యాలీలో జెండా పట్టుకుని నడిచాడు. ర్యాలీ పెట్టినవాళ్లు "అనుమతి ఉంది, రండి" అన్నారు. నిజానికి వాళ్లు దర్ఖాస్తు ఇచ్చి ఊరుకున్నారు, మంజూరు కాయితం రానేలేదు. రోడ్డు ఆగిపోయింది, పేర్లు రాసుకున్నారు, అందులో వీడి పేరు ఉంది. పిలిచినవాళ్లు ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు. వీడు మాత్రం కోర్టు చుట్టూ తిరిగాడు. 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ప్రకారం, క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. కోర్టు అనుమతి తెచ్చుకుంటే దారి ఉంది గానీ, ఆ దారి ముగిసేసరికి వీసా గడువు ముగిసింది. వాళ్లమ్మ నన్ను అడిగింది, "భాయీసాబ్, జెండా పట్టుకుంటే నేరమా?" అని. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు ఆ జవాబే చెప్పబోతున్నాను.

జెండా పట్టుకోవడం నేరం కాదు. మన రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కును ప్రతి పౌరునికీ ఇచ్చింది. అదే అధికరణంలో, ప్రజాశాంతి కోసం, దేశ సార్వభౌమత్వం, సమగ్రతల కోసం ప్రభుత్వం సహేతుకమైన పరిమితులు పెట్టవచ్చనీ రాసి ఉంది. "సహేతుకమైన" అన్న మాట మరవకండి. పోలీసుకూ పౌరునికీ మధ్య నడిచే వాదమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

ఈ హక్కు విలువ మన తాతలను అడిగితే తెలిసేది. నిజాం ప్రభుత్వం 1929లో గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు తెచ్చింది. సభ పెట్టాలంటే ముందుగా సర్కారు ఇజాజత్ కావాలి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి నిజాం ఆంధ్ర మహాసభ ఆ గస్తీ నీడలోనే జరిగింది. దాన్ని ఎత్తివేయాలని ఆ మహాసభలు తీర్మానాలు చేస్తూ వచ్చాయి. అప్పుడు ఇజాజత్ అంటే ప్రభువు దయ. ఇప్పుడు అనుమతి అంటే హక్కును వాడుకునే పద్ధతి. రెంటికీ భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది.

ఆంగ్లేయుల పాలనలోని ప్రాంతాలకు 1861 నాటి పోలీసు చట్టం ఉండేది. అందులో 30వ సెక్షను ఊరేగింపులకు లైసెన్సు అడగమంటుంది. కానీ ఆ లైసెన్సుకు రుసుము తీసుకోరాదని కూడా అందులోనే ఉంది. హైదరాబాదు నగరానికి 1348 ఫసలీ నాటి పోలీసు చట్టం ఉంది. మన వరంగల్‌కు 2015లో పోలీసు కమిషనరేటు వచ్చింది. జిల్లాలో ఎస్.పి. చూసే ఈ వ్యవహారం మన నగరంలో కమిషనర్ చేతిలో ఉంటుంది.

మరి పోలీసువారు ఇష్టం వచ్చినట్టు "వద్దు" అనవచ్చా? అనరాదు. అహమ్మదాబాదులో హిమత్‌లాల్ షా అనే ఆయన వీధిలో సభకు అనుమతి అడిగితే ఇవ్వలేదు. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1972లో అయిదుగురు న్యాయమూర్తుల బెంచి ఏమన్నదంటే, వీధుల్లో సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ పూర్తిగా మూసివేయరాదు, కారణమేమీ చెప్పనక్కరలేకుండా కాదనే అధికారం ఇచ్చిన నియమం చెల్లదు అని ఆ నియమాన్ని కొట్టివేసింది.

మొన్నటి సంగతి చూడండి. 2022 డిసెంబరు 28న కందుకూరులో తొక్కిసలాటలో ఎనిమిది మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు చనిపోయారు. వెంటనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనవరి 2న జీవో నంబరు 1 తెచ్చి రోడ్ల మీద సభలను కట్టడి చేసింది. 2023 మే 12న అక్కడి హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. ప్రాణాలు పోయిన మాట నిజమే. అయినా జాగ్రత్తల పేరుతో హక్కునే మూసివేయకూడదన్న మాట.

మత ఊరేగింపుల విషయంలో ఇంకా పాత తీర్పు ఉంది. మొహర్రం ఊరేగింపు మసీదు దగ్గర ఆగి మాతం చేయవచ్చా లేదా అని మనవాళ్లలోనే షియాలకూ సున్నీలకూ తగాదా వచ్చింది. అది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1920 లలో వచ్చిన ఆ తీర్పు ప్రకారం, రహదారి మీద తమ ఆచారంతో ఊరేగింపు తీసే హక్కు ఎవరికైనా ఉంది. అయితే అధికారుల ఆదేశాలకు లోబడాలి, తక్కిన ప్రజల రాకపోకల హక్కుకు భంగం రాకూడదు. ఇది మన జులూస్‌కు ఎంత వర్తిస్తుందో పక్కవారి ఊరేగింపుకూ అంతే వర్తిస్తుంది. మన మసీదు ముందునుంచి వాళ్లు పోయేటప్పుడు కూడా ఈ తీర్పే గుర్తు తెచ్చుకోవాలి.

వరుసగా 2023, 2024, 2025 సంవత్సరాలలో మీలాద్, గణేశ్ నిమజ్జనం ఒకేరోజున గానీ ఒక్కరోజు తేడాతో గానీ వచ్చాయి. ఇందులో వింత లేదు. రెండూ చంద్రుణ్ణి బట్టి లెక్కించేవే. వాళ్ల భాద్రపదం, మన రబీవుల్ అవ్వల్ ఒకే నెలవంకతో మొదలైతే పండుగలు పక్కపక్కన పడతాయి. వాళ్లకు అధికమాసం వచ్చినప్పుడు మళ్లీ విడిపోతాయి. 2023లో రెండూ సెప్టెంబరు 28నే పడ్డాయి. హైదరాబాదులో మీలాద్ జులూస్‌ను పెద్దలు అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లో సెప్టెంబరు 19కి మార్చుకున్నారు. అది ఓటమి అని కొందరు కుర్రాళ్లు అన్నారట. నేననేది, ఓటమి కాదు, బుద్ధి. హక్కు ఉన్నవాడే వెసులుబాటు ఇవ్వగలడు.

ఇప్పుడు పని సంగతి. ఈ ముక్కలు రాసిపెట్టుకోండి.

దర్ఖాస్తు ఆఖరి రోజున ఇవ్వకండి. రెండు మూడు వారాల ముందే ఇవ్వండి. అందులో తేదీ, మొదలయ్యే వేళ, ముగిసే వేళ, ఏ దారిన పోతుంది, సుమారు ఎంతమంది, బండ్లు ఎన్ని, మైకు ఉందా లేదా, పూచీ పడే పెద్దల పేర్లు, ఫోను నంబర్లు స్పష్టంగా ఉండాలి. నకలు మీద స్టేషను ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర దర్ఖాస్తు అందిందనడానికి రసీదు మాత్రమే, అనుమతి కాదు. మా వాడకట్టు పిల్లవాడు నష్టపోయింది ఈ తేడా తెలియకనే. రోడ్డు మీద పందిరి వేస్తే కార్పొరేషన్‌ను వేరుగా అడగాలి.

మైకుకు రాతపూర్వకమైన అనుమతి కావాలి. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడుస్పీకరు పనికిరాదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వవచ్చు. డీజేల సంగతి వేరే చెప్పాలా? హైదరాబాదులో 2024 అక్టోబరులో మత ఊరేగింపుల్లో డీజేలను పోలీసులు నిషేధించారు. ఆ మోతలో నాత్ ఎవరికి వినబడుతుంది చెప్పండి!

వెనకటి 144 సెక్షను 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 163గా మారింది. అది అమలులో ఉంటే ఆ ఉత్తర్వు చదవకుండా అడుగు బయట పెట్టకండి. దాన్ని ధిక్కరిస్తే పరిస్థితిని బట్టి ఏడాది దాకా శిక్ష పడవచ్చు. మామూలుగా ఆ ఉత్తర్వు రెండు నెలలకు మించి ఉండదు.

అనుమతి కాదంటే కారణం కాయితం మీద అడగండి, నోటిమాటతో తిరిగి రావద్దు. కారణం సబబుగా ఉంటే దారి మార్చుకోండి, వేళ మార్చుకోండి. సబబుగా లేకపోతే హైకోర్టు ఉంది. కోర్టుకు పోవడానికి వ్యవధి ఉండాలి గనుకనే ముందుగా దర్ఖాస్తు ఇవ్వమంటున్నాను.

చివరిగా మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మన రోడ్డు ఎలాంటిదో మీకు తెలుసు. మిర్చి సీజనులో ఎనుమాముల మార్కెట్టుకు పోయే బండ్లతో ఊపిరి ఆడదు. అటు ఎం.జి.ఎం. ఆసుపత్రికి పోయే రోగులు ఉంటారు. కిందటిసారి జులూస్‌లో ఒక అంబులెన్సు కొన్ని నిమిషాలు ఆగిపోయింది. మన కుర్రాళ్లే పరుగెత్తి దారి చేశారు, అల్లా దయవల్ల ఏమీ కాలేదు. కానీ ఆ నిమిషాలు నేను మరువలేదు. కాబట్టి ఈసారి రోడ్డుకు సగం వదిలి నడుద్దాం. ప్రతి యాభై మందికి ఒక వలంటీరును పెడదాం. పిలిచిన పెద్దలు ముందు నడవకుండా చివరన నడవాలి, అందరూ ఇళ్లకు చేరిన తర్వాతే ఇంటికి పోవాలి.

ఇంకొక్క మాట. ఇకమీదట మన సొసైటీ పేరుతో ఎవరైనా పిల్లలను పిలిస్తే, మంజూరు కాయితం నకలు మసీదు నోటీసు బోర్డు మీద అంటించిన తర్వాతే పిలవాలని తీర్మానం చేద్దామని కోరుతున్నాను. అప్పుడు ఆ తల్లికి నేను నిబ్బరంగా చెప్పగలను: అమ్మా, జెండా పట్టుకోవడం నేరం కాదు. కాయితం చూడకుండా నీ కొడుకు చేతికి జెండా ఇచ్చింది మేము. తప్పు మాది, దిద్దుకున్నాము.