కరిసల్ నేలయందు చాకొలేటు నవల
(కోవిల్‌పట్టిలో చేసిన స్మారకోపన్యాసము)



కి. రాజనారాయణన్‌గారి స్మృతికి అంకితమైన ఈ సభలో మెక్సికో దేశపు నవలనొకదానిని గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోపవచ్చును. అయితే సమీపమునందలి ఇడైసెవల్ గ్రామమున తెలుగు కుటుంబములో జన్మించి, తమిళమున కరిసల్ (నల్లరేగడి నేల) సాహిత్యమునకు పెద్దదిక్కైన ఆ మహనీయుడు, సామాన్యజనులు తినునదియు, పాడునదియు, తిట్టుకొనునదియు సైతము చరిత్రయేయని విశ్వసించినవాడగుటచే, ఈ ప్రసంగము ఆయన స్మృతికి తగినదేయని నా నమ్మకము.

లారా ఎస్కివెల్ 1989లో వెలువరించిన ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’ మెక్సికో విప్లవకాలపు కథ. కడగొట్టు కుమార్తె పెండ్లిలేక తల్లికి ఆమె జీవితాంతము సేవచేయవలెనను ఇంటి ఆచారమునకు బలియై, తాను వలచిన పెద్రో తన అక్కనే పరిణయమాడుట కన్నులార చూచిన తీతా, నోట పలుకరాని మాటలనెల్ల వంటలో పలికినది. పన్నెండు నెలల పేర పన్నెండు అధ్యాయములు, ఒక్కొక్క అధ్యాయమునకు ఒక్కొక్క వంటకము. పెద్రో ఇచ్చిన గులాబీలతో ఆమె వండిన పూరేడుపిట్టల కూర తిని, ఆ తాపము సహింపలేక ఇల్లు వెడలిన మరియొక అక్క, కడకు విప్లవసేనలో సేనానాయికయై తిరిగివచ్చును. యుద్ధచరిత్రలు వర్ణింపని విప్లవమొకటి పొయ్యిచెంత ఎట్లు సాగినదో ఈ నవల చదివినవారికి బోధపడును.

ఆ నవల పేరునందలి చాకొలేటు చరిత్రయు అట్టిదే. మెక్సికో ప్రాచీనులైన ఆజ్టెకులు చాకొలేటునకు మూలమైన కకావో గింజలను నాణెములవలె చెలామణి చేసిరి. వారు త్రాగిన ఆ చేదు పానీయమునకు చక్కెర జతచేసినవారు స్పెయిన్ దేశీయులు. మన వేరుసెనగకును జన్మభూమి దక్షిణ అమెరికాయే. అది సముద్రములు దాటి వచ్చి, ఈ నల్లరేగడి సీమ రైతుల చేతిలో మనదైనది. వేయించి, పొట్టు చెరిగి, బెల్లపు పాకమున కలిపిన పనివారి నేర్పుచే కోవిల్‌పట్టి కడలైమిట్టాయియై, 2020లో భౌగోళిక గుర్తింపును బడసినది. నూనెలకును పప్పులకును పేరెన్నికగన్న విరుదునగరపు వర్తకమునందును ఆ పరదేశపు గింజకు స్థిరమైన స్థానము కలదు.

వచ్చినది మనదగుట ఎట్లు? ఈ ప్రశ్నకు కి.రా. 1976లో ‘గోపల్ల గ్రామము’ నవలతో ఉత్తరమిచ్చినాడు. చెన్నాదేవి అను సుందరిని పాలకుడొకడు కోరుటచే, ఆమె మానరక్షణకై సర్వస్వమును విడిచి దక్షిణమునకు తరలిన తెలుగు కుటుంబములు, అడవి కాల్చి, నేల చదునుచేసి, ఊరు నిలిపిన వృత్తాంతమును అందు వయోవృద్ధురాలైన మంగత్తాయారు వినిపించును. విక్టోరియారాణి పాలన ఆరంభమగువరకు సాగిన ఆ కథకు కొనసాగింపైన ‘గోపల్లపురము ప్రజలు’ నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది.

తీతా ప్రేమ పొయ్యిచెంత బందీయైనది. చెన్నాదేవిపై బంధువులకుగల ప్రేమ వారినందరిని దేశాంతరములకు నడిపించినది. ఒకచోట ప్రేమకు వంటయు, మరియొకచోట సేద్యమును భాషయైనవి. రాజశాసనములు చెప్పని ఈ సంగతులను చెప్పగలుగుటయే చారిత్రక నవలకు సార్థక్యము. ప్రేమను కేవలము కథకు అలంకారముగా వాడుకొను నవల ఆ పేరునకు తగదని నా నిశ్చితాభిప్రాయము.

ఇంట తెలుగు మాటలాడుచు తమిళమున చదువుకొనుచున్న ఈ సీమ యువతీయువకులారా! మీ అవ్వలు ఏ ఊరినుండి ఎందుకు కదలివచ్చిరో, వచ్చిన తొలియేట ఏమి వండుకొనిరో, ఎవరికై ఎవరు కన్నీరు కార్చిరో వారినే అడిగి, మీకు వచ్చిన లిపిలో వ్రాసి ఉంచుడు. కి.రా. నవలలను చదువుడు, మీ పిల్లలచేత చదివింపుడు. ఆయనకు మనము చేయదగిన సేవ ఇదియే.