పండించే మనకు తెలియని సోయా పాల సంగతి
(మండల రైతు సంఘం మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



మా కమిటీ తరఫున మాట్లాడమన్నప్పుడు మద్దతు ధర గురించే మాట్లాడతామని మీరంతా అనుకొని ఉంటారు. దానికీ వస్తాం. ముందు మాత్రం పాల గురించి చెప్పాలి. బర్రె పాలు కాదు, సోయా పాలు. వెనక కూర్చున్న తమ్ముళ్లు నవ్వుతున్నారు, నవ్వండి. మేమూ మొదట నవ్వినవాళ్లమే.

నిరుడు ధర్నా కోసం హైదరాబాద్ పోయినప్పుడు మేం నలుగురం ఒక పెద్ద దుకాణంలోకి పోయాం. అక్కడ అరలో లీటరు డబ్బా ఉంది, మీద సోయా గింజల బొమ్మ. చక్కెర వేయనిదని రాసి ఉంది. ధర చూస్తే నూరు రూపాయలు దాటింది. దుకాణంలో పిల్లవాడు "షుగర్ ఉందా అంకుల్, అందుకేనా ఇది తీసుకుంటున్నరు?" అని అడిగాడు. షుగర్ లేదు బిడ్డా, సోయా పండిస్తాం, మా గింజ ఇక్కడికొచ్చి ఏమైందో చూద్దామని తీసుకుంటున్నాం అన్నాం. బస్టాండులో కూర్చొని తాగాం. చప్పగా, కొంచెం పచ్చి వాసనతో ఉంది. డబ్బా వెనక రాసింది చదివితే మొదటి పేరు నీళ్లు, రెండోది సోయా గింజలు, తర్వాత కొద్దిగా ఉప్పు, కాల్షియం, విటమిన్లు. అంతే.

ఇరవై ముప్పై ఏండ్లుగా మన ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి వైపు సోయా వేస్తున్నాం. జేఎస్ 335 విత్తనం పేరు మన పిల్లలకు కూడా నోటికొస్తుంది. కానీ ఆ గింజలో ఏముందో మనకెవరూ చెప్పలేదు. మనం కాంటా పెట్టి వస్తాం, మిల్లులో నూనె తీస్తారు. క్వింటాలుకు 18 కిలోల దాకా నూనె, మిగతాది చెక్క. ఆ చెక్క కోళ్ల దాణాకు పోతుంది, విదేశాలకు పోతుంది. కొంత మాత్రం మీల్ మేకర్ అయి తిరిగి మన ఊరి కిరాణా కొట్టుకే వస్తుంది. పెళ్లిలో మీల్ మేకర్ కూర తింటూ ఇది మన చేనుదే అని ఎవరమైనా అనుకున్నామా?

సోయా గింజలో వందకు 36 నుంచి 40 పాళ్లు మాంసకృత్తులు, అంటే ప్రోటీన్. కందిపప్పులో 22 పాళ్ల చుట్టుపక్కల ఉంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 65 కిలోల మనిషికి 54 గ్రాములు. పొద్దున రొట్టె, మధ్యాహ్నం అన్నం పల్చటి పప్పు, రాత్రి అన్నం పచ్చడి. మన ఇండ్లల్లో, అందులోనూ ఆడవాళ్లు చివరికి తినే గిన్నెలో, అన్ని గ్రాములు ఎక్కడినుంచి వస్తాయో ఎవరి ఇంటి లెక్క వాళ్లే వేసుకోండి.

ఇప్పుడు పాల లెక్క. చక్కెర వేయని సోయా పాలు ఒక చాయ్ గ్లాసు కాదు, 200 మిల్లీలీటర్ల పెద్ద గ్లాసు తీసుకుంటే ప్రోటీన్ దాదాపు 6 గ్రాములు. ఒక కోడిగుడ్డులో ఉన్నంత. ఆవు పాలలోనూ అంతకంటే కొంచెమే ఎక్కువ. బర్రె పాలలో ఇంకాస్త ఎక్కువ. కొవ్వు మూడున్నర గ్రాముల వరకు. బర్రె పాలైతే దానికి నాలుగింతలు ఉంటుంది. పైగా సోయా కొవ్వులో నెయ్యిలాగా గడ్డకట్టే రకం తక్కువ, కొలెస్ట్రాల్ అసలు లేదు. చక్కెర పదార్థం గ్లాసుకు ఒకటి రెండు గ్రాములే. శక్తి 65, 70 కేలరీలు. అందుకే షుగర్ ఉన్నవాళ్లకు ఇది బాగానే పడుతుంది. పాలు తాగితే కడుపు ఉబ్బేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగక ఆ ఇబ్బంది. సోయా పాలలో లాక్టోజ్ ఉండదు.

ఇంకో సంగతి. జొన్నలో లైసిన్ అనే ప్రోటీన్ ముక్క తక్కువ. సోయాలో అది బాగా ఉంది. జొన్న రొట్టె తినే మన ఇంటికి సోయా జత కుదురుతుంది.

ఇక లేనివి. ఇవి చెప్పకుండా గొప్పలే చెప్తే మేమూ మందుల డీలర్ లాగే అవుతాం.

కాల్షియం తక్కువ. ఇంట్లో తీసిన సోయా పాలు గ్లాసుకు 50 మిల్లీగ్రాముల చుట్టూ ఇస్తాయి. అదే ఆవు పాలైతే 240 దాకా ఇస్తాయి. డబ్బాలో ఎక్కువ రాసి ఉందంటే అది కంపెనీ కలిపింది, గింజది కాదు. బీ 12 విటమిన్ ఇంట్లో తీసిన పాలలో ఉండదు. కాబట్టి ఇంట్లో బర్రె ఉన్నవాళ్లు పాలు మానేసి ఇవి తాగమని మేం అనడం లేదు. పాలన్నీ కేంద్రానికి పోసి పిల్లలకు నల్ల చాయ్ ఇచ్చే ఇండ్లున్నాయి కదా, బర్రె అమ్ముకున్న ఇండ్లున్నాయి కదా, వాళ్ల గురించి అంటున్నాం. కాల్షియం కోసం రాగి జావ పెట్టండి, వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. నువ్వుల్లో ఇంకా ఎక్కువ.

ఏడాది నిండని పసిపిల్లలకు తల్లిపాల బదులు సోయా పాలు పొయ్యొద్దు. థైరాయిడ్ గోళీ వేసుకునేవాళ్లు గోళీతో పాటు తాగొద్దు, మందు ఒంటికి పట్టదు. ఎంత ఎడం ఇవ్వాలో డాక్టర్‌ను అడగండి. కొందరికి సోయా పడదు, ఒళ్లు దద్దుర్లు లేస్తే ఆపేయండి. మగవాళ్లు తాగితే మగతనం పోతుందని ఒక మాట తిరుగుతోంది. దాని మీద చేసిన పరిశోధనల్లో మగవాళ్ల హార్మోను తగ్గినట్టు తేలలేదు. గుడుంబా తాగేటప్పుడు రాని అనుమానం సోయా పాలకే ఎందుకొస్తుందో!

మార్కెట్‌లో చిన్న డబ్బాల్లో బాదం, చాక్లెట్ రుచులతో వచ్చేవి వేరు. వాటిల్లో గ్లాసుకు రెండు చెంచాల దాకా చక్కెర ఉండొచ్చు. కొనేటప్పుడు వెనక చక్కెర ఎంత కలిపారో చదవండి. మరో ముచ్చట, మన దేశంలో వీటిని పాలు అని అమ్మకూడదు. ఆహార భద్రతా సంస్థ 2021లో ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ఆ సంగతే చెప్పింది, అందుకే డబ్బా మీద సోయా పానీయం అని రాస్తారు. పాడి రైతు కోణం నుంచి చూస్తే అది సబబే. మనం మాత్రం ఇంట్లో పాలనే పిలుచుకుందాం.

ఇంట్లో తీయడం కష్టమేం కాదు. కిలో సోయాను కడిగి ఎనిమిది పది గంటలు నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోయాలి. వేడి నీళ్లు పోస్తూ మిక్సీలో మెత్తగా రుబ్బితే పచ్చి వాసన తగ్గుతుంది. మొత్తం ఎనిమిది లీటర్ల వరకు నీళ్లు పట్టించి పల్చటి గుడ్డలో పిండాలి. తర్వాత కాచడం. ఇక్కడ మేం మొదటిసారి మోసపోయాం. నురగ గిన్నె అంచు దాకా రాగానే పొంగిందనుకొని దించేశాం. తాగిన ముగ్గురికీ కడుపు నొప్పి. అది ఉత్త నురగే, పాలు ఇంకా మరగలేదు. పచ్చి సోయాలో ప్రోటీన్‌ను అరగనివ్వని పదార్థం ఉంటుంది, బాగా కాస్తేనే పోతుంది. కలుపుతూ, నిజంగా మరిగిన తర్వాత ఇంకో 15, 20 నిమిషాలు సన్న మంట మీద ఉంచాలి. ఆ పదార్థం లేని ఎన్‌ఆర్‌సీ 127 అనే రకాన్ని ఇండోర్ సోయా పరిశోధనా సంస్థ తీసింది. అట్లాంటివి మన నేలలకు పనికొస్తాయో లేదో చూసి చెప్పమని వ్యవసాయ శాఖను అడగాలి. మిగిలిన పిప్పిని పారేయొద్దు, పిండిలో కలిపి రొట్టె కాల్చుకోవచ్చు. అదీ ఉడకాల్సిందే.

ఒక్క మాట చెవిన పెట్టుకోండి. విత్తన సంచిలో మిగిలిన గింజలు, రంగు మందు పట్టించినవి, ఎంత కడిగినా తినొద్దు. బూజు పట్టినవీ వద్దు. పోయిన వానాకాలం ఆగస్టు చివర్లో పడ్డ వానలకు చేలు మునిగి చాలామంది గింజ నల్లబడింది. అమ్ముడు పోలేదు కదా అని అదే రుబ్బి పిల్లలకు పోయకండి.

ఇక ధర. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలు. మాలో ఒకాయన గింజను కొనుగోలు కేంద్రంలో రంగు మారిందని తిప్పి పంపారు. ట్రాక్టర్ కిరాయి మీదపడి, ప్రైవేటు వ్యాపారికి వాడు చెప్పిన ధరకే ఇచ్చి వచ్చాడు. 2021లో ధర పది వేలు దాటినప్పుడు కోళ్ల దాణా కోసం 12 లక్షల టన్నుల సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇచ్చారు. 2025 మే నెలలో ముడి వంట నూనెల మీద దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. ధర పెరిగితే దించేందుకు దారులు వెంటనే దొరుకుతాయి.

మద్దతు ధరకే గింజ కొన్నా లీటరు పాలకు పడే గింజ ఖర్చు ఏడు రూపాయల లోపే. దుకాణంలో నూరు దాటింది. డబ్బా, రవాణా, కరెంటు, కూలీ అన్నీ తీసేసినా నడుమ ఎంత మిగులుతుందో చూడండి. ఆ మిగులులో మన వాటా లేదు.

మనకు దగ్గర్లోనే వార్ధా ఉంది. 1935లో గాంధీ గారు అక్కడ మగన్‌వాడీలో తనతో ఉన్నవాళ్లకు సోయా తినిపించి చూశారు, హరిజన్ పత్రికలో దాని గురించి రాశారు. పేదవాళ్లకు చవకగా ప్రోటీన్ ఎట్లా అన్నదే ఆయన ఆలోచన. తొంభై ఏండ్లయింది. చుట్టూ సోయా చేలున్నాయి, అంగన్‌వాడీ పిల్లల బరువు తక్కువనే రాస్తున్నారు.

అందుకని సభ ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. వానకు రంగు మారిన గింజకు కూడా ధర కోత ఎంతో ముందే చెప్పి కొనాలి, గేటు దగ్గర తిప్పి పంపొద్దు. రెండోది, మహిళా సంఘాలకు చిన్న సోయా పాల యంత్రాలకు రుణం ఇచ్చి, ఆ పాలను బడి పిల్లలకు, అంగన్‌వాడీలకు వారంలో రెండు రోజులైనా ఇప్పించాలి. గుడ్డు బదులు కాదు, గుడ్డుతో పాటు. ఇది గట్టిగా రాయండి, లేకపోతే గుడ్డు తీసేస్తారు.

వచ్చే నెల కమిటీ సమావేశానికి కిలో సోయా నానబెట్టి మేం తెస్తాం. పెద్ద మిక్సీ ఉన్న అక్క ఎవరైనా పట్టుకురండి, పాత ధోవతి గుడ్డ ఒకటి కావాలి. చక్కెర మాత్రం ఎవరూ తేవద్దు.