మన మొగులుకు మన మాట

(ఇటిక్యాల యువజన సమావేశంలో మాట్లాడింది)



నల్లమల నుంచి నడిగడ్డకు వస్తుంటే దారంతా మొగులే చూసిన. పడమర పత్తి కుప్ప లెక్క లేసిన తెల్ల మబ్బు, గంటసేపట్ల అడుగున నల్లబడ్డది. బస్సుల పక్కన కూసున్న అవ్వ "మొగులు నల్లగైంది బిడ్డా, గాలి దుమారం వస్తది" అన్నది. అప్పుడే ఫోన్ల మెసేజ్: "క్యుములోనింబస్ మేఘాల ప్రభావంతో ఉరుములు, మెరుపులతో కూడిన వర్షాలు." డిగ్రీ చదివిన నాకే ఆ మాటకు నోరు తిరగలే. అవ్వ మాట ఒక్కసారికే అర్థమైంది.

ఆ పేరేందో చూద్దాం. 1802లో లండన్‌లో ల్యూక్ హోవార్డ్ అనే మందుల వ్యాపారి మబ్బులకు లాటిన్ పేర్లు పెట్టిండు. క్యుములస్ అంటే కుప్ప, నింబస్ అంటే వాన మబ్బు. అంతే! వడ్ల కుప్ప, పల్లికాయ కుప్ప తెలిసిన మనకు అది కొత్త ముచ్చటనా? "కుప్ప మబ్బు" అంటే సరిపోదా?

ఎండకు నేల కాగితే తేమ గాలి పైకి ఎగబాకుతది. మబ్బు పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పెరిగి, తల కమ్మరి దాగలి లెక్క పరుచుకుంటది. లోపల మంచు పలుకులు ఒకదానికొకటి రాసుకొని కరెంటు పుడతది. అదే పిడుగు.

దేశంల ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నరు. 2022లో ప్రభుత్వ లెక్క 2,887. ఎక్కువ మంది ఎవరు? చేన్ల ఉన్న కూలీలు, గొర్లు మేకలు కాసేటోళ్లు. మనోళ్లే. హెచ్చరిక అర్థం కాకుంటే అది వచ్చినా రానట్టే.

అందుకే మన డిమాండ్ ఒక్కటే: హెచ్చరిక మన మాటల్ల, ఊరి మైకుల రావాలె. ఫోన్ లేనోళ్లకు, సిగ్నల్ లేని పెంటలకు కూడ అందాలె.

అప్పటిదాక మన పని మనం చేద్దాం. పెద్దల దగ్గర కూసోని మబ్బుల మాటలు రాసుకుందాం. ఉరుము ఇనపడితే చెట్టు కిందికి పోవద్దు, పక్కా ఇంట్లకు పోవాలె. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలె. ఈ సంగతి మేకలు కాసే పిల్లగాని దాక చేరాలె.

మాట పోతే ఎరుక పోతది. ఎరుక పోతే పానం పోతది. మన మాటను కాపాడుకుందాం.

జై ఆదివాసీ!