నడిబజారులో రాజు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను చదరంగం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఆట రానివాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఒక్క విషయమే చెబుతాను. కోటలోకి పోని రాజు గతి ఏమవుతుంది? దీనికి ఒక ప్రపంచ చాంపియన్ ఆట చెబుతాను, తర్వాత నా ఆట చెబుతాను. రెండింటిలోనూ ఓటమే.

మన చిన్నప్పుడు ఆలేరులో పెద్దలు అరుగుల మీద ఆడిన చదరంగం వేరు. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే జరిగేది. కోట కట్టడం, అంటే క్యాస్లింగ్, లేదు. దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు, అప్పటిదాకా షా పడకపోతే. బంట్లు మెల్లగా కదిలేవి కాబట్టి నడిమధ్య దారులు తెరుచుకోవడానికి చాలా సేపు పట్టేది. రాజుకు తొందర ఉండేది కాదు.

1972లో రెక్జావిక్‌లో ఫిషర్, స్పాస్కీ ఆడినప్పుడు ఆ వార్తలు మన బడి దాకా వచ్చాయి. మన లెక్కల సారు అంతర్జాతీయ నియమాలు నేర్పడం మొదలుపెట్టారు. ఈ ఆటలో బంటు మొదటిసారి రెండు గళ్ళు దూకుతుంది. అందరూ రాజు, మంత్రి ముందున్న బంట్లనే ముందు జరుపుతారు. అవి ఒకదాన్నొకటి కొట్టుకోగానే బోర్డు మధ్యలో నిలువు దారులు తెరుచుకుంటాయి. ఆ దారుల చివర నిలబడి ఉండేది రాజే. అందుకే క్యాస్లింగ్. రాజు పక్కకు రెండు గళ్ళు జరుగుతాడు, ఏనుగు అతన్ని దాటి ఇవతలికి వస్తుంది. కానీ రాజు గానీ ఆ ఏనుగు గానీ అంతకుముందు ఒక్కసారైనా కదిలి ఉండకూడదు. షా పడి ఉన్నప్పుడు చేయకూడదు. రాజు ఒక్క అడుగు వేసినా ఆ హక్కు పోతుంది, మళ్ళీ రాదు.

ఇక ఆట సంగతి. 1997 మే 11, న్యూయార్క్. ఒకవైపు ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్, మరోవైపు ఐబీఎం వాళ్ళ కంప్యూటర్ డీప్ బ్లూ. ఐదు ఆటలు అయ్యేసరికి ఇద్దరికీ రెండున్నర పాయింట్లు. ఆరోది చివరిది. కాస్పరోవ్‌వి నల్ల పావులు. ఆయన కారో-కాన్ పద్ధతి ఎంచుకున్నాడు.

ఏడో ఎత్తులో కాస్పరోవ్ చివరి బంటును ఒక గడి ముందుకు జరిపి తెల్ల గుర్రాన్ని బెదిరించాడు. అక్కడ ముందు శకటును, మనం ఒంటె అంటాం కదా, దాన్ని బయటికి తీయడం మామూలు. తీస్తే రాజుకు కోట దారి ఖాళీ అయ్యేది. బెదిరించిన గుర్రం వెనక్కి పోతుందనుకున్నారు. పోలేదు. నల్లరాజు ముందున్న బంటును కొట్టి అక్కడే కూర్చుంది. ఈ బలిదానం కంప్యూటర్ అప్పటికప్పుడు కనిపెట్టింది కాదు, దాని ప్రారంభ ఎత్తుల పుస్తకంలో ముందే ఎక్కించి ఉంది.

కాస్పరోవ్ మంత్రిని రాజు ముందు నిలబెట్టాడు. అప్పుడు డీప్ బ్లూ ఏం చేసిందో చూడండి. గుర్రాన్ని ప్రమాదంలో అట్లాగే వదిలేసి, తొమ్మిదో ఎత్తులో తాను క్యాస్లింగ్ చేసుకుంది. తన రాజును కోటలో పెట్టి, ఏనుగును నడిమధ్యకు తెచ్చుకుంది. ఇప్పుడు నల్లమంత్రి ఆ గుర్రాన్ని కొడితే, తెల్ల ఏనుగు అదే నిలువు వరుసలోకి వస్తుంది. మంత్రి వెనక రాజు ఉన్నాడు, కాబట్టి మంత్రి పక్కకు తప్పుకోలేదు. పోయినట్టే. అందుకని బంటుతో కొట్టాల్సి వచ్చింది. ఆ బంటు కదలగానే ఇంకో దారి తెరుచుకుంది. తెల్ల శకటు వచ్చి షా చెప్పింది. రాజు ఒక అడుగు పక్కకు వేశాడు. అంతే, క్యాస్లింగ్ హక్కు పోయింది.

ఆ తర్వాత తొమ్మిది ఎత్తులు. తెల్లవాళ్ళు ఆ శకటునే ఇచ్చారు, ఒక ఏనుగును ఇచ్చి మంత్రిని తీసుకున్నారు. 19వ ఎత్తు చూసి కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. మ్యాచ్ మూడున్నర, రెండున్నరతో కంప్యూటర్‌ది. అప్పుడు బోర్డు మీది పావులకు మనం పిల్లలకు నేర్పే పాయింట్లు వేసి చూడండి. మంత్రికి 9, ఏనుగుకు 5, శకటుకు, గుర్రానికి మూడేసి, బంటుకు ఒకటి. తెల్లవి 26, నల్లవి 27. లెక్కలో ముందున్నవాడు ఓడిపోయాడు.

ఎందుకో తెలియాలంటే నల్ల ఏనుగుల్ని చూడాలి. రెండూ ఆట మొదలైన గళ్ళలోనే ఉన్నాయి. ఒక్క అడుగు కూడా వేయలేదు. రాజు వాటి మధ్యన ఇరుక్కుని ఉంటే అవి ఒకదానికొకటి సాయం రాలేవు. క్యాస్లింగ్ అంటే రాజు దాక్కోవడమే అనుకుంటాం. అదే ఎత్తులో ఏనుగు పనిలోకి వస్తుందన్న సంగతి మరిచిపోతాం. ఇంట్లో భద్రత ఉంటేనే ఇంట్లోవాళ్ళు బయటికి పోయి పనిచేయగలరు.

ఇప్పుడు నా ఆట. పదో తరగతిలో జిల్లా స్థాయి పోటీకి మన బడి నుంచి ఒక్కరిని పంపాలి. మన తరగతిలో నాకంటే బాగా ఆడేవాడు ఒకడున్నాడు. మగ్గం ఇల్లు వాళ్ళది. పదిసార్లు ఆడితే ఎనిమిదిసార్లు నన్ను ఓడించేవాడు. ఎప్పుడూ ఆరేడు ఎత్తుల్లోపే కోట కట్టేసేవాడు. సారు వాణ్ణే పొమ్మన్నారు. వాడు లేచి, “ఇంట్ల పనున్నది సార్, నేను పోను” అన్నాడు. పని కాదని నాకు తెలుసు. బస్సు కిరాయికి, రెండు పూటల తిండికి పైసలు లేవు. వాళ్ళ నాయనకు అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు. నాకు తెలిసీ నోరు విప్పలేదు. వాడు పోకపోతే పోయేది నేనే కదా.

పోయాను. మొదటి ఆటలోనే ఎదుటివాడి బంట్లను ఏరుకుంటూ మంత్రిని బోర్డంతా తిప్పాను. రెండు బంట్లు లాభం అని మురిసిపోయాను. నా రాజు మొదటి గడిలోనే ఉన్నాడు. నడి దారి తెరుచుకుంది, ఇరవై ఎత్తులు కాకముందే ఆట కట్టు. తిరిగొచ్చి ఎత్తులు రాసిన కాగితం సారు చేతిలో పెట్టాను. ఆయన చూసి, “రాజును నడిబజార్ల నిలబెట్టి నువ్వు అంగళ్ళు తిరగనీకె పోయినవ్‌రా?” అన్నారు. క్లాసంతా నవ్వింది. వాడు మాత్రం నవ్వలేదు. కాగితం తీసుకుని, ఏ ఎత్తు దగ్గర కోట కట్టాల్సిందో వేలు పెట్టి చూపించాడు.

తర్వాత వాడు మగ్గం ఎక్కాడు, నేను కాలేజీకి పోయాను. వాడు ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెబితే లేచి వెళ్ళిపోతాడు, అందుకే చెప్పను. అరేయ్, ఆనాడు నేను సారుతో ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన తన జేబులోంచైనా ఇచ్చేవారు. ఈ మాట నీతో అనడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

మన రైలు దారిలోనే జనగామ, కాజీపేట దాటితే వరంగల్. అక్కడి కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో దేశానికి స్వర్ణం తెచ్చిన జట్టులో ఉన్నాడు, మూడో బోర్డు మీద తనూ స్వర్ణం గెలిచాడు. అదే జట్టులో గుంటూరు హరికృష్ణ. స్వర్ణం గెలిచిన మహిళల జట్టులో ద్రోణవల్లి హారిక. ఆ ఏడాది డిసెంబరు జాబితాలో అర్జున్ రేటింగ్ 2801. మన దేశంలో ఆనంద్ తర్వాత 2800 దాటింది అతనే. అలాంటి తెలివి ఆలేరులో పుట్టదని ఎవరూ అనలేరు. పుట్టింది, నేను చూశాను. దాని చుట్టూ కోట కట్టినవాళ్ళు లేరు, అంతే.

కాబట్టి సంఘానికి నా విన్నపం ఒక్కటే. నా పేరున శాలువా, మెమెంటో వద్దు. ఏటా మన బడి నుంచి చదరంగం పోటీకి పోయే ఇద్దరు పిల్లల ప్రయాణం, భోజనం, ప్రవేశ రుసుము ఖర్చు నేను పెట్టుకుంటాను. ఎవరు పోవాలో ఆట చూసి చెప్పే బాధ్యత మాత్రం నాది కాదు. ఆ మూల కుర్చీలో కూర్చున్నవాడిది. పోటీకి పోనంటున్న పిల్లవాణ్ణి చూస్తే అసలు కారణం వాడికి తెలిసినంతగా మనకెవరికీ తెలియదు. ఆదివారం పొద్దున ఒక గంట వాడు బడికి వస్తే, బోర్డులు నేను తెస్తాను.

ఒప్పుకుంటాడో లేదో ఈ సభ అయ్యాక అడుగుతాను. మీరూ నా తరఫున ఒక మాట చెప్పండి.