ఒక చిత్రముపై మరొక చిత్రము

బహదూర్‌పురాలో కుటుంబ చిత్రము లేని ఇల్లు అరుదు. మనుష్యుల చిత్రములను గోడకు తగిలించుట కిష్టపడని ఇండ్లలో సైతము అల్మారాలోని ఆల్బములో అది యుండును. అయితే ఇంటిల్లిపాదియు ఒక్కమారు చేరి నిలుచుట మాత్రము కుదరదు. పెద్దకుమారుడు జెద్దాలోనో దుబాయిలోనో కొలువులో నుండును. తాతగారు ఏనాడో కాలము చేసి యుందురు. లేనివారిని గూడ ఆ వరుసలో చూచుకొనవలెనను కోరికను ఇంటిలోని కంప్యూటరుపైననే తీర్చుకొను విధమును ఇప్పుడు మనవి చేసెదము.

ఈ కోరిక క్రొత్తది కాదు. 1857లో ఇంగ్లండునందు ఆస్కార్ రేలాండర్ 30కి మించిన నెగటివులను వరుసగా అచ్చొత్తి ఒకే పెద్ద చిత్రమును కూర్చెను. మన తెరపై 1964లో ‘రాముడు భీముడు’లో ఇద్దరు రామారావులు కనబడిరి గదా! ఫిల్ము కాలమున అట్టి దృశ్యములకు కెమెరా ముందు సగము భాగమును నల్లని అట్టతో మూసి ఒక పాత్రను చిత్రించి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, రెండవ సగమును తెఱచి మరల చిత్రించు పద్ధతి కలదు. నటుడు గీత దాటినచో పడిన శ్రమ యంతయు వ్యర్థమే.

కంప్యూటరు వచ్చిన తరువాత గూడ ఈ చిక్కు వెంటనే తీరలేదు. ఫోటోషాప్ 1990లో వెలువడెను; అందు పొరలు 1994లో, మూడవ కూర్పుతో గాని రాలేదు. అంతవరకు ఒక బొమ్మపై మరొకటి అతికించినచో క్రిందిది చెఱిగిపోయెడిది. పొర యనగా గాజుపలక వంటిది. ఒక్కొక్క పలకపై ఒక్కొక్క బొమ్మ. పైనుండి చూచినచో అన్నియు కలిసి ఒకటే. ఏ పలకనైనను జరుపవచ్చును, తీసివేయవచ్చును. తక్కినవాటికి హాని లేదు. ఉచితముగా లభించు గింప్‌లో గూడ ఈ సదుపాయ మున్నది.

1963 నుండి బహదూర్‌పురాకు ఆనవాలైన నెహ్రూ జంతుప్రదర్శనశాల పచ్చికపై తీసిన కుటుంబ చిత్రము మీయొద్ద నున్నదనుకొందము. అది అడుగు పొర. స్టూడియోలో తీయించుకొన్న తాతగారి నిలువెత్తు చిత్రము పై పొర. ఆయన వెనుకనున్న తెరను రబ్బరుతో చెఱపుటకు తొందరపడకుడు. పై పొరకు మాస్కు నొకదానిని తగిలింపుడు. మాస్కుపై తెలుపు పూసినచోట బొమ్మ కనబడును, నలుపు పూసినచోట మఱుగగును, బూడిదరంగు పూసినచోట సగము కనబడును. చేయి జాఱి తాతగారి చెవి పోయినను చింత లేదు. తెలుపు పూసిన మరల వచ్చును. తలవెండ్రుకల అంచున మాత్రము మెత్తని కుంచెను వాడవలెను.

అంచులు కుదిరినను బొమ్మ అతికినట్లే కనబడుచున్న దన్నచో, దోషము సాధారణముగా వెలుతురులో నుండును. పచ్చికపై ఎండ కుడినుండి, స్టూడియోలో దీపము ఎడమనుండి పడినవో యేమో చూడుడు. బొమ్మను అద్దములోవలె త్రిప్పివేయుట సులభోపాయమే గాని, అప్పుడు తాతగారి పాపిట ఆవలి ప్రక్కకు పోవును. నానమ్మ గారు క్షణములో పట్టివేయుదురు. దానికన్న ఎండ లేని నీడపట్టున తీసిన కుటుంబ చిత్రము నెన్నుకొనుట మేలని మా అభిప్రాయము. పాదముల వద్ద నీడను వేఱొక పొరపై నల్లగా దిద్ది పలుచన చేయవలెను. లేనిచో మనిషి గాలిలో తేలును. పాత చిత్రమునకు రంగులు పులుముటకంటె, అన్నిటిపైన సర్దుబాటు పొర నొకదానిని ఉంచి మొత్తమును నలుపు తెలుపులలోనికి మార్చినచో పొత్తు కుదురును.

దాచుకొనునప్పుడు పొరలతోడి ప్రతిని విడిగా నుంచుడు. వాట్సాప్‌లో పంపుటకు చేయు జేపెగ్ ప్రతిలో పొరలన్నియు ఒకటియై పోవును.

చేర్చుట ఒకటి, తొలగించుట మరొకటి. తగవు వచ్చినదని పెండ్లి చిత్రమునుండి ఒక కోడలిని తీసివేయుమని అడుగువారును కలరు. అట్టి పని చేయవలదనియే మా సలహా. తప్పనిచో మాస్కుతో మఱుగు చేయుడు, చెఱపకుడు. తగవు తీరిననాడు ఆమె తన స్థానమునకే తిరిగి రావచ్చును.

తాతగారిని చేర్చిన ప్రతిని అచ్చు వేయించినప్పుడు, వెనుకవైపున పెన్సిలుతో ఆయన పేరు, అసలు చిత్రము తీసిన సంవత్సరము, చేర్చిన సంవత్సరము వ్రాయుడు. ఆయనను చూడని మనుమలు ఆ పచ్చికపై నిజముగా నిలిచెనని రేపు నమ్మగలరు.